కచేరీలంటే ప్రాణం, జీవాలన్నా ప్రాణమే: తరచుగా అడిగే ప్రశ్నలు

శాకాహారం పాటిస్తూ, జంతువుల తరఫున నలుగురిలో మాట్లాడుతూ, వీలు చిక్కితే చాలు కచేరీకి పరుగెత్తేవాళ్లు చాలామందే ఉన్నారు. కచేరీల్లో జంతువుల తరఫున మేము పెట్టే ప్రచార బల్ల దగ్గరికి వచ్చి వాళ్లు అడిగే సందేహాలు మాత్రం ఏటా అవే. అందుకే వాటిని దశలవారీగా ఇక్కడ పెట్టాను. ప్రతి జవాబూ దేనికదే చదువుకునేలా ఉంది కాబట్టి కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లవచ్చు. పాలు వాడేవారినీ శాకాహారుల్లోనే కలిపాను. జంతువుల నుంచి వచ్చేదేదీ ముట్టనివారిని వీగన్లు అన్నాను.

## టికెట్ కొనకముందు

మాంసం అమ్మే సంగీతోత్సవానికి టికెట్ కొంటే నేను దాన్ని సమర్థించినట్టేనా?

కాదు. మీ టికెట్ డబ్బు ప్రధానంగా కళాకారులకు, శబ్ద పరికరాలకు, దీపాలకు, స్థలం అద్దెకు పోతుంది. ఆహార దుకాణాలు సాధారణంగా వేరే లెక్క. అమ్మేవాళ్లు నిర్వాహకులకు అద్దో, అమ్మకాల్లో వాటానో కడతారు. కాబట్టి అక్కడ మీ అసలు ఓటు మీరు ఏ దుకాణం ముందు వరుసలో నిలబడ్డారన్నదే. జంతువులనే వేదికెక్కించి వినోదంగా చూపే కార్యక్రమం సంగతి వేరు. అక్కడ జంతువు బాధే టికెట్‌లో భాగం. అలాంటిదానికి ఎంత గొప్ప గాయకుడు వచ్చినా నేను వెళ్లను.

వెళ్లకుండా బహిష్కరిస్తే ఎక్కువ ప్రభావం ఉండదా?

ఎవరికీ చెప్పకుండా ఇంట్లో కూర్చుంటే మీరు రాలేదన్న సంగతి కూడా ఎవరికీ తెలియదు. బహిష్కరణ పనిచేయాలంటే కోరిక ఒక్కటే ఉండాలి, స్పష్టంగా ఉండాలి, ముందుగా ప్రకటించాలి, తగినంతమంది నిలబడాలి. "వేదిక మీదికి సజీవ జంతువులను తేవద్దు" అన్నది అలాంటి కోరిక. "మాంసం దుకాణాలు ఉన్నంతకాలం రాము" అంటే, మాంసం తినని ప్రేక్షకులు లేని ఉత్సవమే మిగులుతుంది. అప్పుడు మార్పు అడిగే గొంతు లోపల ఒక్కటీ ఉండదు.

తినడానికి సరైనది దొరుకుతుందో లేదో ముందే ఎలా తెలుసుకోవాలి?

"శాకాహారం ఉంటుందా?" అని అడగకండి. "ఉంటుంది" అనే జవాబు వస్తుంది. తీరా వెళ్తే బంగాళాదుంప వేపుడు, నాలుగు కీరా ముక్కలు కనిపిస్తాయి. మాంసం లేని పూర్తి భోజనం ఎన్ని దుకాణాల్లో ఉంటుంది, ఎన్ని గంటల వరకు ఉంటుంది, నూనె వేరుగా ఉంటుందా, ఇంటి నుంచి తెచ్చుకున్నది లోపలికి రానిస్తారా అని నాలుగు ప్రశ్నలూ విడివిడిగా రాసి పంపండి. కనీసం రెండు మూడు వారాల ముందు పంపితే, దుకాణాల జాబితా ఖరారు కాకముందే మీ ఉత్తరం చేరే అవకాశం ఉంది. ఇలాంటి ఉత్తరాలు పది అందితే నిర్వాహకులు దాన్ని గిరాకీగా చూస్తారు.

మాంసం లేని పెద్ద సంగీతోత్సవాలు నిజంగా ఉన్నాయా?

ఉన్నాయి. స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్‌లో జరిగే వే అవుట్ వెస్ట్ ఉత్సవం 2012లో ప్రాంగణమంతా శాకాహారమే అని ప్రకటించింది. ప్రేక్షకులకే కాదు, కళాకారులకూ సిబ్బందికీ అదే భోజనం. అప్పట్లో దాని మీద చాలా చర్చ జరిగింది. ఇంగ్లండ్‌లోని షంబాలా ఉత్సవం 2016లో మాంసం, చేపలు మానేసి, ఆ తర్వాతా కొనసాగించింది. 2022 జూన్‌లో బిల్లీ ఐలిష్ లండన్ ఓ2 అరీనాలో పాడిన రోజుల్లో అక్కడి దుకాణాలన్నీ మొక్కల ఆధారిత ఆహారమే అమ్మాయి. 2024 ఆగస్టులో మాసివ్ అటాక్ బృందం బ్రిస్టల్‌లో చేసిన భారీ ప్రదర్శనలోనూ అంతే. ఇక బెల్జియంలోని ఈపర్‌ఫెస్ట్ లాంటి హార్డ్‌కోర్ పంక్ (వేగంగా, హోరుగా సాగే రాక్) సంగీతోత్సవాల్లో మాంసం లేని భోజనం ఎప్పటి నుంచో మామూలే. ఆ సంగీతం, జంతు హక్కుల ఆలోచన 1980ల చివరి నుంచీ కలిసే నడిచాయి. మాంసం లేకపోతే జనం రారని ఎవరైనా వాదిస్తే ఈ పేర్లు చెప్పండి.

## బయలుదేరే రోజు

ఏం తిని వెళ్లాలి, ఏం పట్టుకెళ్లాలి?

పప్పుధాన్యాలున్న పూర్తి భోజనం చేసి బయలుదేరండి. అయిదారు గంటలు నిలబడాలంటే పండ్లు, రొట్టె ముక్కలు చాలవు. సంచిలో వేయించిన సెనగలో వేరుసెనగలో, ఖాళీ నీళ్ల సీసా ఉంచుకోండి. చాలాచోట్ల నింపిన సీసాను గేటు దగ్గరే ఆపేస్తారు.

తోలు బూట్లు, తోలు జాకెట్ శాకాహారిని కాకముందే కొన్నాను. వేసుకుని రావచ్చా?

ప్రేక్షకులుగా వస్తే మీ ఇష్టం. పాతదాన్ని పారేసినంత మాత్రాన ఆ జంతువు తిరిగి రాదు. చిరిగేదాకా వాడి, తర్వాత తోలు లేనిది కొనడం సరైన పద్ధతే. ప్రచార బల్ల వెనక నిలబడేటప్పుడు మాత్రం వేసుకోకండి. కోళ్ల ఫారాల గురించి వినడానికి వచ్చిన మనిషి చూపు మీ బూట్ల మీదే ఆగిపోతుంది, మాటంతా దాని చుట్టూనే తిరుగుతుంది.

నా కుక్కకు జనమంటే ఇష్టం. వెంట తీసుకెళ్లవచ్చా?

దయచేసి వద్దు. ఈ ఒక్క విషయంలో నేను మెత్తగా మాట్లాడలేను. మన చెవి సుమారు 20,000 హెర్ట్జ్‌ల వరకు వింటే కుక్క చెవి దాదాపు 45,000 దాకా వింటుంది. మనుషుల విషయంలోనే 85 డెసిబెల్స్‌లో 8 గంటలు, 100 డెసిబెల్స్‌లో 15 నిమిషాలు దాటకూడదని అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ సిఫారసు చేసింది. వేదిక దగ్గర శబ్దం 100 దాటడం మామూలే. మనం చెవుల్లో ప్లగ్గులు పెట్టుకుంటాం, కుక్క పెట్టుకోలేదు.

స్పీకర్ల దగ్గర కట్టేసిన కుక్కను ఒక్కసారి దగ్గర నుంచి చూడండి. చెవులు వెనక్కి అంటుకుపోయి ఉంటాయి. ఊరికే పెదవులు నాకుతుంది, నిద్ర రాకపోయినా ఆవలిస్తుంది, తోక కాళ్ల మధ్యకు పోతుంది. అరవడం లేదు కాబట్టి బాగానే ఉందని యజమాని అనుకుంటాడు. అది భయంతో బిగుసుకుపోయిందని అతనికి తెలియదు.

కారులో వదిలేయడం ఇంకా ప్రమాదం. ఎండలో మూసి ఉన్న కారులో పది నిమిషాల్లోనే వేడి దాదాపు 11 డిగ్రీల సెల్సియస్ పెరుగుతుంది. కిటికీ కాస్త దించి ఉంచినా పెద్ద తేడా ఉండదు. కుక్కను ఇంట్లో, తెలిసినవాళ్ల దగ్గర ఉంచి రండి.

## ప్రాంగణం లోపల

బంగాళాదుంప వేపుడు శాకాహారమే కదా, అడగడం ఎందుకు?

నూనె మూకుడు వైపు ఒక నిమిషం చూస్తే మీకే తెలుస్తుంది. దుకాణంలో చోటు తక్కువ, మూకుడు ఒకటే. జాలీలో కోడి ముక్కలు పైకి తేలుతాయి. వాటిని దులిపి పక్కన పెట్టి, పిండి రవ్వలు ఇంకా నూనెలో చిటపటలాడుతుండగానే అదే జాలీలో బంగాళాదుంప ముక్కలు పోస్తారు. అమ్మేవారు అబద్ధం ఆడరు, కానీ అడిగితేనే చెబుతారు. "నూనె వేరేదా?" అని నవ్వుతూ అడగండి, కాదంటే నవ్వుతూనే పక్క దుకాణానికి వెళ్లండి. ఎందుకు వెళ్తున్నారో ఒక్క మాట చెప్పి వెళ్లడం మరీ మంచిది. ఉమ్మడి నూనె సరే అనుకునే శాకాహారులూ ఉన్నారు. ఆ హద్దు ఎవరిది వారే గీసుకోవాలి.

బోర్డు మీద ఆకుపచ్చ గుర్తు ఉంటే ఇక చూడక్కర్లేదా?

చూడాలి. కూరగాయల సూప్‌లో మాంసపు ఎసరు, నూడుల్స్‌లో చేపల సాస్, మెత్తటి మిఠాయిల్లో జంతు చర్మం, ఎముకల నుంచి తీసే జెలటిన్ ఉండవచ్చు. కొన్ని చీజ్‌లలో దూడ కడుపు నుంచి తీసిన రెన్నెట్ ఉంటుంది. ఎర్రటి పానీయాల మీద ఈ-120 అని ఉంటే అది కొచినీల్ పురుగుల నుంచి తీసిన రంగు. కొన్ని బీర్లను, వైన్లను తేటపరచడానికి చేపల ఈత తిత్తి నుంచి చేసిన ఐసింగ్లాస్ వాడతారు. అన్నీ ఒకేరోజు నేర్చుకోనక్కర్లేదు. ముందు ఎసరు, జెలటిన్ గురించి అడగడం అలవాటు చేసుకోండి.

మాంసం కాల్చే వాసనకు కడుపులో తిప్పుతోంది. పాట మీద మనసు నిలవడం లేదు.

ఇది సుకుమారం కాదు, చాలామందికి ఉన్న ఇబ్బందే. 2009లో కోచెల్లా ఉత్సవంలో పాడుతున్న మోరిస్సీ ఈ వాసన భరించలేకనే కాసేపు వేదిక దిగి వెళ్లిపోయాడు. గాలి ఎటు వీస్తోందో చూసి పొగ మీ మీదికి రాని వైపు నిలబడండి. శబ్దమిశ్రమం చేసే డెస్క్ సాధారణంగా దుకాణాలకు దూరంగా, మైదానం మధ్యలో ఉంటుంది. దాని పక్కన చేరితే వాసనా తక్కువ, పాటా బాగా వినిపిస్తుంది. వేదికకు ఆనుకునే పొయ్యిలు పెట్టి ఉంటే సిబ్బందికి చెప్పండి. ఆ రోజు ఏమీ జరగకపోయినా, వచ్చే ఏడాది పటం గీసేటప్పుడు ఎవరో ఒకరు గుర్తుపెట్టుకుంటారు.

నాతో వచ్చిన స్నేహితులు మాంసం తింటున్నారు. ఏం చేయాలి?

మీ భోజనం మీరు తినండి. రుచిగా ఉంటే ఒక ముద్ద పెట్టండి.

పాట సాగుతుండగా పక్కనున్నవారితో జంతువుల గురించి మాట్లాడవచ్చా?

వద్దు. ఆ మనిషి ఆ పాట కోసం నెలల తరబడి ఎదురుచూసి ఉండవచ్చు. వినడానికి వచ్చినవారి శ్రద్ధను లాక్కోవడం మీద ఏ మంచి ప్రచారమూ నిలవదు. మన పనిలో ఎక్కువ భాగం కచేరీకి ముందు నిర్వాహకులతో, విరామంలో బల్ల దగ్గర, తర్వాత ఉత్తరాల్లో జరగాలి. వేదిక వెలిగాక మనం కూడా శ్రోతలమే. ఈ మర్యాద పాటించే ప్రచారకుల మాటనే విరామంలో జనం వింటారని నా గట్టి నమ్మకం. పాట విని ఆనందించడం జంతువులకు ద్రోహం చేయడమూ కాదు. ఆ రాత్రంతా ముఖం ముడుచుకుని కూర్చున్నందువల్ల ఒక్క కోడీ పంజరం దాటి రాదు.

## వేదిక, వాద్యాలు

నేను ఇష్టంగా వినే వాద్యాల్లోనే చర్మం, పేగు ఉన్నాయి. ఇదెలా సమర్థించుకోవాలి?

ముందు ఉన్నది ఉన్నట్టు ఒప్పుకోవాలి. తబలా మూతలు మేక చర్మంతో చేస్తారు. మృదంగానికి ఆవు, గేదె, మేక చర్మాలు మూడూ వాడతారు. పాత పద్ధతి వయొలిన్ తంత్రులు గొర్రె పేగుతో చేసినవి. ఒక్క వయొలిన్ కమానుకు 150 నుంచి 200 గుర్రపు వెంట్రుకలు పడతాయి. అవి చాలావరకు కబేళాలకు పోయిన గుర్రాలవే. కొయ్య అతికించే జిగురు జంతు చర్మం, ఎముకలు ఉడికించి తీసింది. పియానో సుత్తుల మీది ఫెల్ట్ ఉన్నితో చేసింది. పాత పియానో మీటల మీద ఏనుగు దంతం ఉండేది. గిటారు మీటే పలకలను ఒకప్పుడు హాక్స్‌బిల్ తాబేలు పెంకుతో చేసేవారు.

కానీ వాద్యాలు మారని వస్తువులు కావు. రెండో ప్రపంచయుద్ధ కాలంలో పేగు తంత్రులకు కరువొచ్చినప్పుడు గిటారుకు నైలాన్ తంత్రులు వచ్చాయి. నేటి క్లాసికల్ గిటారు నాదం ఆ నైలాన్‌దే. 1950ల రెండో సగంలో డ్రమ్ములకు పాలిస్టర్ మూతలు వచ్చి, పదేళ్లు గడిచేసరికి దూడ చర్మాన్ని దాదాపు తోసేశాయి. చర్మం చెమ్మకు వదులవుతుంది, ఎండకు బిగుస్తుంది. పాలిస్టర్‌కు ఆ బెడద లేదు కాబట్టి ఆరుబయట వాయించేవాళ్లు త్వరగా మారారు. అంటే ఆ మార్పును తెచ్చింది జీవకారుణ్యం కంటే ఎక్కువగా వాడకంలోని సౌకర్యమే. మనం అడిగేటప్పుడు కూడా దీన్ని గుర్తుపెట్టుకోవాలి. కృత్రిమ మూతల మృదంగాలు, తబలాలు, కృత్రిమ వెంట్రుకల కమానులు ఇప్పుడు దొరుకుతున్నాయి. నాదం అచ్చం అదే అని నేను చెప్పను. మృదంగం కుడి మూతపై వేసే మీటు అనే దెబ్బ నాదంలో తేడా చెవి పెట్టి వినేవారికి తెలుస్తుంది. ఆ తేడాను తగ్గించే పని వాద్యకారుల సహకారంతోనే ముందుకు పోతుంది.

ఒక్క హెచ్చరిక. చర్మం శుభ్రం చేసి, కొలిచి, కోసి, మూత బిగించే మనిషిని నిందించకండి. ఆ పని తరతరాలుగా చేస్తున్నవారికి కీర్తిలోనూ డబ్బులోనూ దక్కింది తక్కువ. కొత్త పదార్థాలతో మూతలు చేయగల చేతులు కూడా వాళ్లవే.

మా ఇంట్లో దంతం తాపడం ఉన్న పాత వాద్యం ఉంది. అమ్మేయాలా, పారేయాలా?

ఉంచుకుని వాయించండి. మరమ్మతు వచ్చినప్పుడు జంతు పదార్థం లేనిది అడగండి. అమ్మే ముందు, దేశం దాటించే ముందు మాత్రం అనుమతుల గురించి కనుక్కోవాలి. ఆఫ్రికా ఏనుగు దంతపు అంతర్జాతీయ వ్యాపారాన్ని నిషేధించాలని, అంతరించే ప్రమాదమున్న జీవుల వ్యాపారాన్ని అదుపుచేసే సైటీస్ ఒప్పందపు దేశాలు 1989లో నిర్ణయించాయి. దంతం ముక్క ఉన్న కమానునైనా సరైన పత్రాలు లేకుంటే సరిహద్దులో ఆపేయవచ్చు.

వేదిక మీదికి సజీవ జంతువును తెచ్చారు. అప్పటికప్పుడు ఏం చేయాలి?

వేదిక మీదికి దూకకండి. గందరగోళంలో మొదట దెబ్బతినేది ఆ జంతువే. 1969లో టొరంటోలో రాక్ గాయకుడు ఆలిస్ కూపర్ ప్రదర్శనలో వేదిక మీదికొచ్చిన కోడిని, అది ఎగురుతుందనుకుని అతను జనంలోకి విసిరాడు. జనం దాన్ని ముక్కలు చేశారు. అతనికి చంపే ఉద్దేశం లేకపోయినా జరిగింది అదీ. ఉరకలెత్తే జనం, హోరు, దీపాల మధ్య ఏ జీవికీ భద్రత ఉండదు. తేదీ, సమయం, జంతువు పరిస్థితి రాసుకోండి. వీలైతే వీడియో తీయండి. వేదిక వెనక దాన్ని ఎక్కడ ఉంచారో, నీళ్లున్నాయో లేదో కనుక్కోండి. ఆ రాత్రే నిర్వాహకులకు, ఆ ప్రాంతపు జంతు సంక్షేమ అధికారులకు ఫిర్యాదు పంపండి.

ముగింపులో బాణసంచా, బెలూన్లు ఉంటే అభ్యంతరం చెప్పడం మరీ చాదస్తమా?

కాదు. నెదర్లాండ్స్‌లో పరిశోధకులు వాతావరణ రాడార్ల సాయంతో కొత్త సంవత్సరపు అర్ధరాత్రిని గమనించారు. బాణసంచా మొదలైన నిమిషాల్లోనే వేలాది పక్షులు నిద్రచోటు వదిలి చీకట్లోకి లేచాయి. గాలిలోకి వదిలిన బెలూన్లు ఎక్కడో నేల మీదో నీళ్ల మీదో పడతాయి. సముద్రపక్షులు, తాబేళ్లు ఆ ముక్కలను ఆహారమనుకుని మింగుతాయి. దీపాలతోనే అద్భుతంగా ముగించవచ్చు. అడిగేటప్పుడు ఆ ప్రత్యామ్నాయాన్నే ముందు చెప్పండి.

## ప్రచార బల్ల దగ్గర

కచేరీలో మా సంస్థ బల్ల పెట్టాలంటే ఎవరిని అడగాలి?

కళాకారుడి బృందం ద్వారా వెళ్తే పని త్వరగా అవుతుంది. ఆయన జంతువుల పట్ల అభిమానమున్న మనిషైతే, "మా ప్రదర్శన రోజున వీళ్లకు చోటివ్వండి" అనే ఒక్క మాటతో నిర్వాహకులు ఒప్పుకుంటారు. లేకపోతే నేరుగా నిర్వాహకులకు రాయండి. ఎంత చోటు కావాలి, ఎంతమంది వస్తారు, ఏమి పంచుతారు అన్నవి రాసి, కరపత్రం నమూనా జతచేయండి. వేదిక పక్కన చోటు అడగకండి, అక్కడ మాట వినపడదు. నీళ్లు నింపుకునే చోటు పక్కన అయితే వరుసలో నిలబడ్డవారికి చదవడానికి తీరిక ఉంటుంది. కరపత్రాల మీద బరువు పెట్టండి. గాలికి ఎగిరి చెత్తగా మారిన కరపత్రం మనకే మచ్చ. చివరగా, వంతులు వేసుకోండి. ప్రతి కార్యకర్తకూ తనకిష్టమైన బృందాన్ని వినే సమయం దక్కాలి. సంగీతం దక్కని కార్యకర్త మరుసటి ఏడాది రాడు.

కబేళా వీడియోలు చూపించవచ్చా?

దారినపోయేవారందరికీ కనిపించేలా పెద్ద తెర మీద వద్దు. పిల్లలుంటారు, అలసిపోయినవారుంటారు. చూస్తామని తమంతట తాము చెప్పినవారికి చిన్న తెర మీద, హెడ్‌ఫోన్లతో చూపించండి. చూశాక వాళ్ల పక్కన నిలబడండి. కళ్లు తుడుచుకునే మనిషి చేతిలో కరపత్రం పెట్టేసి, మరొకరి వైపు తిరిగిపోవద్దు.

"మొక్కలకు మాత్రం ప్రాణం లేదా?" అంటే ఏం చెప్పాలి?

ప్రాణం ఉంది. కానీ నొప్పిని అనుభవించడానికి కావలసిన మెదడు, నాడీవ్యవస్థ వాటికి లేవు. పైగా పశువులను, కోళ్లను పెంచడానికి వాటికి మేపే పంట, అవి ఇచ్చే ఆహారం కంటే ఎన్నో రెట్లు ఎక్కువ. మొక్కల మీద జాలి ఉన్నా సరే, నేరుగా మొక్కలు తినడమే మేలు. ఇంతవరకే చెప్పి ఆపండి.

నాకిష్టమైన గాయకుడు మాంసాహారి. వినడం మానేయాలా?

అక్కర్లేదు. మీ ఇంట్లోవారిలోనూ మాంసాహారులు ఉండవచ్చు, వాళ్లతో మాట్లాడటం మానేయలేదు కదా.

## కచేరీ మీరే చేస్తుంటే

మేము చిన్న బృందం. మాంసం లేని భోజనమే కావాలని షరతు పెట్టవచ్చా?

పెట్టవచ్చు. ప్రదర్శన ఒప్పందానికి జతచేసే అవసరాల జాబితాలో ఒక వాక్యం రాస్తే చాలు. 1975 నుంచి శాకాహారిగా ఉన్న బీటిల్స్ గాయకుడు పాల్ మెకార్ట్‌నీ తన పర్యటనల్లో సిబ్బందికి కూడా శాకాహార భోజనమే ఏర్పాటు చేయిస్తారు. 2009లో కూతుళ్లు మేరీ, స్టెల్లాలతో కలిసి వారానికి ఒకరోజు మాంసం మానే ఉద్యమాన్నీ ప్రారంభించారు. మీకు అంత పలుకుబడి లేకపోయినా, వేదిక వెనక గదిలో భోజనం వరకు మీ మాట చెల్లుతుంది. ఏం వద్దో రాయడంతో ఆగకుండా ఏం కావాలో కూడా రాయండి. లేకపోతే రొట్టె, పచ్చి ఆకులు పెట్టి చేతులు దులుపుకుంటారు. అర్ధరాత్రి సామాన్లు మోసే సిబ్బంది ఆకలితో ఉంటే, వాళ్ల దృష్టిలో శాకాహారం శిక్షగా మిగిలిపోతుంది.

జంతువుల ఆశ్రమం కోసం నిధుల కచేరీ చేయాలనుకుంటున్నాం. ఏవి జాగ్రత్తగా చూసుకోవాలి?

డబ్బు ఎవరికి వెళ్తుందో టికెట్ మీదే రాయండి. వచ్చినదంతా ఇస్తారా, ఖర్చులు పోగా మిగిలింది ఇస్తారా అన్నది కూడా రాయండి. రెండూ న్యాయమే, చెప్పకపోవడం మాత్రం కాదు. కచేరీ అయ్యాక లెక్క బయటపెట్టండి. శబ్దం చూసేవారికి, సామాన్లు ఎత్తేవారికి కూలి ఇవ్వండి. మంచి పని పేరుతో వాళ్ల శ్రమను ఉచితంగా తీసుకోవద్దు. లోపల అమ్మే ఆహారం పూర్తిగా వీగన్‌గా ఉండాలి. కాపాడిన జంతువులను మాత్రం వేదిక మీదికి తీసుకురావద్దు, వాటి ఫోటోలు చాలు.

## కచేరీ అయ్యాక

నిర్వాహకులకు ఏం రాయాలి, ఎప్పుడు రాయాలి?

వారం లోపే రాయండి, అప్పటికి వాళ్లకూ అన్నీ జ్ఞాపకం ఉంటాయి. మొదట బాగున్నదాన్ని పేరుతో సహా రాయండి. ఏ బృందం బాగా వాయించింది, ఏ దుకాణంలో మంచి శాకాహార భోజనం దొరికింది అన్నవి. తర్వాత లోపాలు కచ్చితంగా చెప్పండి. "శాకాహారం తక్కువగా ఉంది" అనడం కంటే, "తూర్పు గేటు దగ్గరి దుకాణంలో రాత్రి ఎనిమిదికే అయిపోయింది, మేము వెళ్లేసరికి వరుసలో ఇంకా ఇరవైమంది ఉన్నారు" అనడం పనికొస్తుంది. అది వాళ్లకు పోగొట్టుకున్న అమ్మకంగా కనిపిస్తుంది. వచ్చే ఏడాదికి ఒకే ఒక్క మార్పు అడగండి. ఆ దుకాణదారుకు కూడా విడిగా నాలుగు వాక్యాలు రాయండి. మరుసటి ఉత్సవానికి ఎంత సరుకు తేవాలో నిర్ణయించేది ఆయనే.